గర్భిణులకు నడుము నొప్పి: ఓర్చుకోవలసినది ఎంత? డాక్టరుకు చెప్పవలసినది ఎప్పుడు?

మా పెద్దమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. పోయిన ఆదివారం ఫోను చేసి, "అమ్మా, నడుము పట్టేసింది, కుర్చీలోంచి లేవలేకపోతున్నాను. ఇది మామూలేనా?" అని అడిగింది. ఆ మాట వినగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, ఆ పిల్ల కడుపులో ఉండగా, సరిగ్గా ఇదే ప్రశ్న మేము మిషిగన్ నుంచి తెనాలికి ఫోను చేసి అడిగాం. "మామూలేనే తల్లీ" అని జవాబు వచ్చింది. ఆ జవాబు ముప్పాతిక పాళ్ళు నిజం. మిగిలిన పావు పాలు మమ్మల్ని అర్ధరాత్రి మంచులో ఆసుపత్రికి పరుగెత్తించింది.

మన సంఘంలో ఈ ఏడాది సీమంతం పిలుపులు చాలానే వచ్చాయి. దగ్గర అమ్మా, అత్తగారూ లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ నెలలు మోస్తున్న పిల్లలు మన మధ్య ఎందరో ఉన్నారు. వాళ్ళకోసం ఆ ముప్పాతిక గురించీ, ఈ పావు గురించీ నాలుగు మాటలు రాస్తున్నాం. మేము డాక్టర్లం కాము. మేము పడినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, ఇక్కడి వైద్య సంఘాలు చెబుతున్నదీ కలిపి రాశాం. ఎవరి ఒంటి తీరు వారిది కనుక, ఏది మొదలుపెట్టే ముందైనా మీ డాక్టరును ఒక మాట అడగండి.

నడుము ఎందుకు నొస్తుంది?

గర్భిణుల్లో సగం మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు నడుము నొప్పి పడతారు. చాలామందికి అయిదో నెల, ఏడో నెల మధ్య మొదలవుతుంది. దీనికి కారణాలు మూడు.

మొదటిది బరువు. మామూలు బరువున్న స్త్రీ ఒక బిడ్డను మోసేటప్పుడు 25 నుంచి 35 పౌన్ల దాకా పెరగడం మంచిదని ఇక్కడి లెక్క. అంటే సుమారు 11 నుంచి 16 కిలోలు. అందులో ఎక్కువ భాగం ముందువైపే పెరుగుతుంది. ముందుకు పడిపోకుండా ఉండటానికి తెలియకుండానే నడుమును వెనక్కి వంచుతాం. వెన్ను కింది భాగంలోని కండరాలు రోజంతా ఆ బరువును వెనక్కి లాగి పట్టుకోవాలి. సాయంత్రానికి అవి అలిసిపోతాయి.

రెండవది కీళ్ళు వదులు కావడం. కాన్పుకు దారి ఇవ్వడానికి కటి ఎముకలను పట్టి ఉంచే బంధనాలు సడలుతాయి. ఇందులో పాత్ర ఉన్న రిలాక్సిన్ అనే హార్మోనును 1926లో ఫ్రెడరిక్ హిసా అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు గినీ పందుల్లో కనిపెట్టాడు. కీళ్ళు వదులైతే వాటి పని కూడా కండరాల మీదే పడుతుంది.

మూడవది పొట్ట కండరాలు సాగిపోవడం. నడుముకు ముందునుంచి ఆసరా ఇచ్చేవి అవే.

అయితే ఆడవారి నడుము ఈ పనికి సిద్ధంగానే పుట్టింది. 2007లో 'నేచర్' పత్రికలో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రకటించారు. నడుము వంపు తిరిగే చోట మగవారిలో రెండు వెన్నుపూసలు వెనకవైపు సన్నగా ఆప్పులా ఉంటే, ఆడవారిలో మూడు అలా ఉంటాయట. అందువల్ల ఆడవారి నడుము ఎక్కువ వంపును తట్టుకోగలదు. లక్షల ఏళ్ళ నాటి ఆదిమ మానవుల ఎముకల్లో కూడా ఈ తేడా కనిపించిందట. కాబట్టి నొప్పి వచ్చినంత మాత్రాన ఒంట్లో ఏదో విరిగిపోయిందని భయపడనక్కరలేదు.

నొప్పి ఎక్కడో చూసుకోండి

"నడుము నొప్పి" అని మనం ఒకే మాట అంటాం గాని, నిజానికి ఇందులో రెండు రకాలు ఉన్నాయి. వాటికి జాగ్రత్తలు కూడా వేరు.

మొదటిది చీర కుచ్చెళ్ళు దోపుకునే మట్టానికి, ఆపైన వచ్చేది. ఎక్కువసేపు నిలబడినా, కూర్చున్నా, వంగినా పెరుగుతుంది. దీనికి నడక, వ్యాయామం, కూర్చునే తీరు మార్చుకోవడం బాగా పనిచేస్తాయి.

రెండవది ఆ మట్టానికి కింద, పిరుదుల పైభాగంలో, ఒక పక్కనో రెండు పక్కలానో, ఒక్కొక్కప్పుడు ముందువైపు మూత్రాశయం కింది ఎముక దగ్గరో వచ్చేది. అయిదుగురిలో ఒకరికి ఈ రకం వస్తుంది. పక్క మీద ఇటు నుంచి అటు దొర్లినా, మెట్లు ఎక్కినా, కారులోంచి దిగినా, ఒంటి కాలి మీద నిలబడి సల్వారు తొడుక్కున్నా కలుక్కుమంటుంది. ఈ రకం వారు మోకాళ్ళు రెండూ కలిపి ఉంచి దొర్లాలి. కారు సీటు మీద ముందు కూర్చుని, తరువాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. బట్టలు కూర్చునే తొడుక్కోవాలి. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. బాసింపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చోకూడదు. వీరికి ఎక్కువ నడక కూడా పడకపోవచ్చు. నొప్పి పెంచే పనిని "వ్యాయామం కదా" అని బలవంతాన చేయకూడదు.

పిరుదు నుంచి మోకాలి కింది దాకా తీగ లాగినట్టు వచ్చే నొప్పిని సయాటికా అంటారు. మనవాళ్ళు ప్రతి నడుము నొప్పికీ ఈ పేరు పెడుతూ ఉంటారు గాని, గర్భిణుల్లో అసలైన సయాటికా నూటికి ఒకరికి మించి రాదు.

మన ఇళ్ళల్లో నడుము విరిచే పనులు

ఇక్కడి పుస్తకాల్లో బట్టల బుట్ట, వాక్యూమ్ క్లీనరు గురించి రాస్తారు. మన వంటింటి సంగతి వాళ్ళకు తెలియదు. మాకు తెలిసినంతలో మన ఆడవారి నడుము మీద పడేవి ఇవి.

ఇరవై పౌన్ల బియ్యం సంచీని కారు డిక్కీలోంచి తీయడం. గ్రైండరు రాయిని ఎత్తి కడగడం. పెద్దపిల్లను చంకనేసుకుని ఒక తుంటి మీద బరువు పెట్టి నిలబడటం. పండగకు వాకిట్లో వంగి ముగ్గు పెట్టడం. విందుకు యాభై మందికి గారెలు వేస్తూ నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడటం. బేస్‌మెంటు మెట్ల మీద బట్టల బుట్ట మోయడం. చలికాలంలో మంచు ఎత్తిపోయడం. బియ్యం సంచీ, గ్రైండరు రాయి, మంచు, ఈ మూడూ నెలలు నిండేదాకా మగవారివే. ఇందులో బేరాలు లేవు.

మిగిలినవాటికి ఉపాయాలున్నాయి. కింద ఉన్నదేదైనా తీయాలంటే నడుము వంచవద్దు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, వస్తువును పొట్టకు దగ్గరగా పట్టుకుని కాళ్ళ బలంతో లేవండి. బరువు చేతిలో ఉండగా నడుము తిప్పవద్దు, పాదాలు తిప్పండి. పెద్దపిల్లను నిలబడి ఎత్తుకునే బదులు సోఫా మీద కూర్చుని ఒళ్ళోకి ఎక్కించుకోండి. బిడ్డకు ముద్దూ దక్కుతుంది, మీకు నడుమూ దక్కుతుంది.

పొయ్యి దగ్గర ఒక చిన్న పీట వేసుకుని ఒక పాదం దాని మీద పెట్టి, కాసేపటికి కాలు మార్చండి. కూరలు కూర్చునే తరగండి. ఎత్తు మడమల చెప్పులు మానేయండి. అలాగని బొత్తిగా పల్చటి హవాయి చెప్పులూ మంచివి కావు. పాదం వంపుకు ఆసరా ఇచ్చే తక్కువ ఎత్తు బూట్లు వేసుకోండి. కూర్చునేటప్పుడు నడుము వెనక చిన్న దిండు పెట్టుకోండి.

పడుకునేది పక్కకు తిరిగి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద మరొక పల్చటి దిండు పెట్టుకుంటే నడుముకు ఎంతో హాయి. 28 వారాలు దాటాక వెల్లకిలా పడుకుని నిద్రపోవద్దని వైద్యులు చెబుతున్నారు. పెరిగిన గర్భాశయం పెద్ద రక్తనాళాలను నొక్కడం వల్ల బిడ్డకు రక్తం తగ్గే అవకాశముంది. మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే కంగారు లేదు, పక్కకు తిరిగి పడుకుంటే సరి. పక్క మారేటప్పుడు లేచి కూర్చుని మారకపోతే బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని మన అమ్మమ్మలు అంటారు. అది నిజం కాదు. మోకాళ్ళు మడిచి, రెండూ కలిపి, భుజమూ తుంటీ ఒకేసారి దొర్లితే చాలు.

మంచం దిగకూడదా? చాకిరీ చేయాలా?

ఈ విషయంలో మనకు రెండు రకాల సలహాలు వస్తాయి. ఎంత పని చేస్తే కాన్పు అంత సులువని ఒకరు, మంచం దిగవద్దని ఒకరు. రెండూ మితిమీరినవే. రోజుల తరబడి పడుకుంటే కండరాలు బలహీనపడి నొప్పి పెరుగుతుంది. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, వారానికి 150 నిమిషాల మోస్తరు వ్యాయామం చేయమని ఇక్కడి ప్రసూతి వైద్యుల సంఘం చెబుతున్నది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు.

నడుముకు ప్రత్యేకంగా రెండు వ్యాయామాలు. ఒకటి, చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి, పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపును మెల్లగా పైకి ఎత్తి, కొన్ని క్షణాలు ఉంచి, తిరిగి సమంగా తేవడం. నడుము కిందికి జారనివ్వకూడదు. రెండు, గోడకు వీపు ఆనించి నిలబడి, మోకాళ్ళు కొద్దిగా వంచి, నడుము వెనక ఉన్న సందును గోడకు నొక్కి వదలడం. రెండూ అయిదారు సార్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవచ్చు.

నీళ్ళలో వ్యాయామం మరీ మంచిది. నీళ్ళు పొట్ట బరువును మోస్తాయి. ఈత రాకపోయినా నడుము లోతు నీళ్ళలో అటూ ఇటూ నడిస్తే చాలు. ఈత దుస్తులంటే సిగ్గుపడేవారికి చేతులూ కాళ్ళూ కప్పే రకాలు దొరుకుతాయి. వ్యాయామం మధ్యలో రక్తం కనిపించినా, కళ్ళు తిరిగినా, ఛాతీ నొచ్చినా, పొట్ట మాటిమాటికీ గట్టిపడినా వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో చేసినది చాలకపోతే ఫిజికల్ థెరపిస్టు దగ్గరకు పంపమని డాక్టరును అడగండి. మనం అడగనిదే వాళ్ళంతట వాళ్ళు పంపకపోవచ్చు. పొట్టను కింది నుంచి ఎత్తిపట్టే బెల్టు కొందరికి ఉపశమనం ఇస్తుంది. నడిచేటప్పుడు, పనిచేసేటప్పుడు పెట్టుకుని తరువాత తీసేయడం మంచిది.

కాపడం, మర్దన

గోరువెచ్చని నీళ్ళ స్నానం, బట్టలో చుట్టిన వేడినీళ్ళ సంచీ పది పదిహేను నిమిషాలు నడుముకు పెట్టుకోవడం మంచిదే. పొట్ట మీద పెట్టవద్దు, పెట్టుకుని నిద్రపోవద్దు. హాట్ టబ్బులూ, ఆవిరి గదులూ వద్దు. ఒంటి వేడి 102 డిగ్రీలకు చేరితే, ముఖ్యంగా మొదటి నెలల్లో, బిడ్డకు ప్రమాదం. పక్కకు తిరిగి పడుకుని నువ్వుల నూనెతో తేలికగా రాయించుకోవచ్చు. కాని పిల్లల చేత నడుము తొక్కించుకునే అలవాటు మాత్రం పూర్తిగా కట్టిపెట్టాలి.

సూట్‌కేసులో వచ్చే మందులు

ఇండియా నుంచి ఎవరు వచ్చినా పెట్టెలో ఒక మందుల సంచీ ఉంటుంది. గర్భిణి ఉన్న ఇంట్లో ఆ సంచీని ఒకసారి సోదా చేయాలి.

బ్రూఫెన్ అంటే ఐబూప్రొఫెన్. కాంబిఫ్లామ్‌లో కూడా అదే ఉంది. ఈ జాతి మందులు 20 వారాలు దాటాక వాడితే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చునని 2020 అక్టోబరులో ఎఫ్.డి.ఏ. హెచ్చరించింది. ఇక్కడి అడ్విల్, అలీవ్ కూడా ఈ జాతివే. డాక్టరు చెప్పకుండా మొదటి నెలల్లో కూడా వీటి జోలికి పోవద్దు. వోలినీ వంటి పై పూతల్లో డైక్లోఫెనాక్ ఉంటుంది. అది కూడా ఇదే జాతి. పైన రాసుకునేదే కదా అనుకోవద్దు, చర్మంలోంచి కొంత ఒంట్లోకి పోతుంది.

ఇక అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఈ సీసా లేని తెలుగిల్లు ఉండదు. ఇటువంటి బామ్‌లలో కర్పూరం, మెంథాల్‌తో పాటు గంధపూర తైలం ఉంటుంది. అది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. అభిమానం ఎంత ఉన్నా, గర్భిణి నడుముకు డాక్టరును అడగకుండా రాయవద్దు. అయితే ఒక మాట. రక్తపోటు రాకుండా కొందరికి డాక్టర్లే తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. అది ఇచ్చి ఉంటే మీ అంతట మీరు మానేయవద్దు.

నొప్పి భరించలేనప్పుడు డాక్టర్లు సాధారణంగా చెప్పేది పారాసిటమాల్, అంటే ఇక్కడి టైలెనాల్. 2025 సెప్టెంబరులో ఈ దేశపు ప్రభుత్వం దీని మీద హెచ్చరిక చేయడంతో చాలామంది కంగారు పడ్డారు. ప్రసూతి వైద్యుల సంఘం మాత్రం, అవసరమైనప్పుడు డాక్టరు సలహా మీద వాడుకోవచ్చునని మళ్ళీ చెప్పింది. అవసరమైనంతే, తక్కువ రోజులు వాడటం పద్ధతి.

ఆఫీసులో అడగడానికి మొహమాటం వద్దు

ఈ దేశంలో 2023 జూన్ 27 నుంచి గర్భిణి ఉద్యోగులకు ఒక కొత్త చట్టం అమలులో ఉన్నది. పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ, తనకు మరీ కష్టం కానంతవరకు, గర్భిణికి సదుపాయం చేయాలి. నిలబడే పనిలో కూర్చోవడానికి కుర్చీ, ఎక్కువసార్లు విరామం, బరువులెత్తే పని నుంచి మినహాయింపు, దగ్గరలో కారు పెట్టుకునే చోటు, ఇవన్నీ అడగవచ్చు. వీసా మీద ఉన్నవారికీ ఈ హక్కు ఉన్నది. "కొత్త ఉద్యోగం, ఏమనుకుంటారో" అని పంటి బిగువున నెట్టుకొచ్చే మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆ రాత్రి జరిగినది

ఇక ఆ పావు పాలు సంగతి. అది జనవరి నెల. మాకు 31వ వారం. సంక్రాంతి విందుకు పులిహోరా గారెలూ మేము తెస్తామని మాటిచ్చాం. మా ఇద్దరిలో ఆవిడ ఆరు గంటలు నిలబడే వండింది. మాటిమాటికీ బాత్‌రూముకు వెళ్ళాలని నీళ్ళు కూడా తగ్గించింది. అప్పటికి రెండు రోజులుగా మూత్రానికి వెళితే మంటగా ఉన్నది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాం.

సాయంత్రానికి నడుము కుడివైపు, పక్కటెముకల కింద నొప్పి. తెనాలికి ఫోను చేశాం. "పొద్దస్తమానం నిలబడితే నొప్పి రాదుటే? మామూలే. అమృతాంజనం రాసుకుని పడుకో" అన్నారు అమ్మ. ఆవిడ తప్పేమీ లేదు. మూత్రంలో మంట సంగతి మేము చెప్పనే లేదు. చలీ జ్వరమూ అప్పటికి ఇంకా రాలేదు.

రాత్రి ఒంటిగంటకు వణుకు పట్టుకుంది. జ్వరం 102 దాటింది. నొప్పి వచ్చి పోతున్నది, వచ్చినప్పుడల్లా పొట్ట రాయిలా గట్టిపడుతున్నది. "డాక్టరుకు ఫోను చేద్దాం" అని ఆయన. "నడుము నొప్పికి అర్ధరాత్రి లేపుతారుటండీ? నవ్విపోతారు" అని ఆవిడ. ఆ వాదనలో ఒక గంట పోయింది. మా జీవితంలో మేము పోగొట్టుకున్న గంటల్లో దానికే ఇప్పటికీ బాధపడతాం.

చివరికి ఫోను చేస్తే నర్సు మూడే ప్రశ్నలు అడిగింది. జ్వరం ఉందా? మూత్రంలో మంట ఉందా? నొప్పి గడియారం పెట్టి చూస్తే లెక్క ప్రకారం వస్తోందా? మూడింటికీ అవుననగానే, "ఇంకేమీ సర్దుకోకండి, వెంటనే బయలుదేరండి" అన్నది.

మూత్రపిండానికి ఇన్‌ఫెక్షన్ సోకిందన్నారు. దానివల్ల గర్భాశయం ముందుగానే కదలడం మొదలుపెట్టింది. రక్తనాళంలోకి మందులు ఎక్కించి మూడు రోజులు ఉంచారు. నొప్పులు ఆగాయి. అమ్మాయి 38వ వారంలో క్షేమంగా పుట్టింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆ నర్సు, "వందసార్లు ఊరికే ఫోను చేసినా మాకేమీ విసుగు లేదు. చేయవలసిన ఒక్కసారి మానవద్దు" అన్నది.

వెంటనే ఫోను చేయవలసినవి

ఈ భాగాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

1. నడుము నొప్పి అలలుగా వచ్చి పోతూ ఉండటం, పొట్ట గట్టిపడటం, కింది భాగంలో బరువుగా ఉండటం, ముఖ్యంగా 37 వారాలు నిండకముందు.
2. రక్తం కనిపించడం, ఉమ్మనీరు కారడం.
3. జ్వరం, వణుకు, మూత్రంలో మంట, పక్కటెముకల కింద ఒకవైపు నొప్పి.
4. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం మీద గాని విరేచనం మీద గాని అదుపు పోవడం. ఇది అత్యవసరం, రేపటిదాకా ఆగకూడదు.
5. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, కుడివైపు డొక్క పైభాగంలో నొప్పి, మొహం ఉన్నట్టుండి వాయడం.
6. బిడ్డ కదలిక తగ్గడం.
7. పడిపోయినా, కారు ప్రమాదం జరిగినా, నొప్పి లేకపోయినా సరే.

ఫోనులో "నడుము నొప్పి" అని ఊరుకోవద్దు. ఎన్నో వారం, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఎన్ని నిమిషాలకు ఒకసారి, జ్వరం ఎంత, మంట ఉందా, బిడ్డ కదులుతోందా, ఇవన్నీ వరుసగా చెప్పండి. ఇంగ్లీషులో తడబడితే తెలుగు దుబాసీ కావాలని అడగండి.

మా అమ్మాయికి ఆదివారంనాడు ఇవే ప్రశ్నలు వేశాం. జ్వరం లేదు, మంట లేదు, నొప్పి వచ్చి పోవడం లేదు, పాప బాగా తంతోంది. రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటరు ముందు కుర్చీ దిగకుండా కూర్చున్నందుకు వచ్చిన నొప్పి అది. "మామూలే తల్లీ, అయినా రేపు డాక్టరుకు ఒక మాట చెప్పు" అన్నాం. సోమవారం చెప్పింది. ఫిజికల్ థెరపీకి రాశారట. అల్లుడు బియ్యం సంచీ మోస్తున్నాడట. మిగిలిన మూడు నెలలూ సుఖంగా గడిచి, మన సంఘంలోని గర్భిణులందరూ పండంటి బిడ్డలను ఎత్తుకోవాలని మా కోరిక.